తెర అడుగున అక్షరాలు

తునిలో తన అక్క ఆశాజ్యోతి ఉంటున్న మేడగదికి బయటి నుంచి గడియ పెట్టి ఉందేమోనన్నదే తబిత భయం. ఆమెకు భయాలు తక్కువేం కావు. రెండేళ్ళ కూతురికి ఒళ్ళు వెచ్చబడితే భయం, నీళ్ళ బకెట్టు నిండా ఉంటే భయం, పిలిచిన మొదటిసారికే పిల్ల తల తిప్పకపోతే గుండె జారిపోయేంత భయం. కానీ ఈ మూడు వారాలుగా అవన్నీ వెనక్కి జరిగి కూర్చున్నాయి. ముందు వరసలో గడియ ఒక్కటే ఉంది. తుప్పు రంగు ఇనుప గడియ, తోస్తే కిర్రుమనేది. ఆ చప్పుడు అక్కకు వినపడదు. అంటే గడియ ఎప్పుడు పడిందో కూడా అక్కకు తెలియదు, లేచి వెళ్ళి తలుపు లాగి చూసుకుంటే తప్ప.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర దాటింది. ఉప్పాడకు ఇవతల, రొయ్యల చెరువుల మధ్య రేకుల కప్పున్న ఏసుప్రభువు గుడి. గుడిని ఆనుకుని పాస్టరు రాజరత్నం అయ్యగారు తెల్లంగీ తొడుక్కునే చిన్న గది. ఆ గదిలో ఒక బల్ల, బల్ల మీద లాప్‌టాప్, పక్కన తబిత ఫోను, తబిత ఒళ్ళో చిన్నమ్మాయి. పిల్ల నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఊపిరి వేడిగా తగులుతోందా, మామూలుగానే ఉందా అని తబిత ఎడమచేత్తో మాటిమాటికీ మెడ కింద చూస్తోంది. కుడిచెయ్యి కీబోర్డు మీద ఉంది. కిటికీలోంచి గుడి లోపల సగమే కనిపిస్తుంది: ఆడవాళ్ళ చాపలు, అయ్యగారి భుజం, ఆ చివర గుమ్మం పక్కన మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా, దాని వెనక భర్త రమేష్ బాబు. ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వెళుతోంది. బొమ్మ అతని పని, అక్షరాలు ఈమె పని. లోపల ఎవరేం మాట్లాడినా విని, టైపు చేసి ఎంటర్ నొక్కితే ఆ వరుస వెళ్ళి వీడియో అడుగున నిలబడుతుంది. అదీ సీసీ అన్న బొత్తాం నొక్కుకున్నవాళ్ళకే. నొక్కుకోనివాళ్ళకు కింద అక్షరాలున్న సంగతే తెలియదు. వరుస చేరితే పేజీ మూలన పచ్చ చుక్క వెలిగి, పక్కన అంకె ఒకటి పెరుగుతుంది. కేబుల్ ఆఫీసులో పనిచేసే రమేష్ బాబు ఎక్కడో వెతికి పట్టిన సాఫ్ట్‌వేర్ అది, ఊరికే దొరికింది. ఊరికే దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలి? అందుకే తబిత తన ఫోనులో అదే వీడియోని, శబ్దం తీసేసి, అక్షరాలు పెట్టుకుని, ఇరవై సెకన్లు ఆగి చూసుకుంటుంది. ఇక్కడ అన్న మాట అక్కడ చేరడానికి ఇరవై సెకన్లు పడుతుంది. ఆ ఇరవై సెకన్లలో ఏం జరిగినా జరగవచ్చని ఆమెకెప్పుడూ అనిపిస్తూనే ఉంటుంది.

ఈస్టరుకు ముందు పాడుకునే శ్రమకాలం పాట మొదలైంది. పాటలకు కష్టం లేదు, చరణాలు ముందే ఎక్కించి పెట్టుకుంటుంది, ఒక్కో వరుసకీ ఎంటర్ నొక్కడమే. చేతికి పని తగ్గితే బుర్రకు పని పెరుగుతుంది. ఈ అక్షరాలు పెట్టించింది తబితే, అక్క కోసం. అక్క తనకంటే మూడేళ్ళు పెద్ద. నాలుగో ఏట మెదడు దాకా ఎక్కిన జ్వరం దిగుతూ దిగుతూ చెవులు పట్టుకుపోయింది. అప్పటికి తబిత ఏడాది పిల్ల. అక్క మాట్లాడితే ఎలా ఉండేదో ఆమెకు గుర్తులేదు, అమ్మ చెప్పేది, కోయిలలాగా కాదే, కాకిలాగా ఊరంతా లేపేది అని. తరవాత అక్క కాకినాడ బధిరుల బడికి వెళ్ళి పది పాసైంది, చక్కగా రాస్తుంది, చదువుతుంది. తబిత ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో ఆపేసింది, అమ్మకు పక్షవాతం వచ్చి ఎత్తడానికీ దింపడానికీ మనిషి కావలసి వచ్చి. అమ్మ పోయాక మళ్ళీ కాలేజీకి పోవడానికి సిగ్గేసి పిఠాపురంలో డీటీపీ సెంటరుకు పోయింది. పెళ్ళి శుభలేఖలు, ఫ్లెక్సీలు, జ్ఞాపకార్థ కూడిక కార్డులు. తెలుగు టైపు అక్కడ వచ్చింది. ఎవరి పేరూ తప్పు పడకూడదని వణికిపోతూ నేర్చుకోవడంతో వేగం కూడా వచ్చింది.

పాత గుడి సముద్రం ఒడ్డున ఉండేది. ఏటా కొంచెం కొంచెంగా ఒడ్డు కోసుకుపోయి, ఒక తుఫానుకి గోడ, మరుసటి ఏడు బలిపీఠం నీళ్ళలోకి జారాయి. గంటని మాత్రం ముందే విప్పి ఎడ్లబండి మీద ఇక్కడికి తెచ్చారు. ఆ గంట కొట్టే పని చిన్నప్పుడు అక్కది. తాడు పట్టుకుని లాగుతుంటే చేతుల్లోంచి భుజాల్లోకి, భుజాల్లోంచి పళ్ళల్లోకి ఏదో వచ్చేదట, అదే తనకు వినడం అని సైగలు చేసి చెప్పేది. ఇక చాలని ఎవరైనా వెళ్ళి భుజం తట్టేదాకా కొడుతూనే ఉండేది. ఒకసారి ఎవరూ తట్టడం మరిచిపోతే పావుగంట కొట్టింది, పడవలేవో మునిగాయనుకుని ఊరు ఊరంతా ఒడ్డుకి పరుగెత్తింది. తట్టడం మరిచిపోయింది తబితే. తనకది అప్పజెప్పిన పని. ఇసకలో ఏదో గవ్వ ఏరుకుంటూ మరిచిపోయింది. ఆ రోజు అందరూ నవ్వారు కానీ, చేతులు కమిలిపోయినా ఎవరో వచ్చి తడతారని నమ్ముకుని ఆపకుండా లాగుతున్న అక్క వీపు తబితకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అందుకే అక్షరాల్లో అయ్యగారు చెప్పే దేవుని వాక్యం ఒక్కటే పెట్టదు ఆమె. చప్పుళ్ళు పెడుతుంది. బయట ట్రాక్టరు వెళ్ళింది, అయ్యగారు ఆగారు. ఫ్యాను కీచుమంటోంది. ముందు చాప మీద పిల్ల ఏడుపు, మన చిన్నమ్మాయి కాదు. వెనక ఎవరో తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. మొదట్లో అయ్యగారు పిలిచి, "అమ్మా తబితా, వాక్యం మధ్యలో తుమ్ములెందుకమ్మా" అన్నారు. "అక్కకి తుమ్ములు కూడా కావాలంటండి అయ్యగారూ" అంది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "సరే, నా దగ్గు మాత్రం రాయకు, ఊళ్ళో డాక్టర్లెక్కువైపోతారు" అన్నారు. వీడియో పక్కన కామెంట్లు రాసే చోట అక్క జవాబిచ్చేది. తుమ్మింది ఎవరు? కోడి ఇవాళ కూయలేదేంటి, ఎవరింట్లో కూరైంది? మూడేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు, పెళ్ళైన ఆదివారంతో సహా. అక్క చెప్పగా ఆమె బడి స్నేహితులూ వచ్చి చేరారు. తునిలో జాకెట్లు కుట్టే లోవలక్ష్మి ఒకామె, ఇంకో ఐదారుగురు. వాళ్ళు గుడికి వచ్చేవాళ్ళు కాదు, తలుపులమ్మ తల్లికి మొక్కుకునేవాళ్ళు. అయినా వస్తారు. ఆదివారం పొద్దున్న ఒక ఊళ్ళో చప్పుళ్ళు ఎలా ఉంటాయో చదువుకోవడానికి. లోవలక్ష్మి ఏమీ రాయదు, వచ్చానని గుర్తుగా ఒక మందారం బొమ్మ పెడుతుంది. ఇవాళ కూడా పెట్టింది, తొమ్మిదీ నలభైకి.

పాట అయిపోయింది. అయ్యగారు గొంతు సవరించుకున్నారు, అది రాయలేదు. బైబిల్లోంచి లేఖన పాఠం. వేళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. మూడు వారాల కిందట, శుక్రవారం, అక్క వీడియో కాల్ చేసింది. ఐదో నెల కడుపు, చెంపలు నునుపు తేలాయి. మాట మధ్యలో ఫోను తలుపు వైపు తిప్పి, రెక్క పట్టుకుని లాగి చూపించింది. రాలేదు. మళ్ళీ లాగింది. నవ్వింది. ఆ నవ్వు ఏ రకం నవ్వో తేల్చుకునేలోపు బొమ్మ పోయింది. తరవాత రెండు రోజులు అక్క కాల్ చెయ్యలేదు, చేస్తే ఎత్తలేదు, రాతలు మాత్రం వచ్చాయి. మూడో రోజు తనే అక్క అత్తగారు దేవకుమారికి ఫోన్ చేసింది. "కెమెరా పాడైందమ్మా" అంది ఆవిడ, తీపిగా, నిదానంగా. "రాతలు పంపిస్తానే ఉందిగా? మరింకేంటి. కడుపుతో ఉన్న పిల్ల, ఊరికే ఫోను చూడకూడదంట." తలుపు సంగతి అడిగితే, "వానకి చెక్క ఉబ్బింది, పట్టేస్తోంది" అంది. ఫిబ్రవరి నెల. తునిలో వాన ఎక్కడిది? పిఠాపురంలో పడలేదు, అన్నవరంలో పడలేదు, ఆవిడ తలుపు ఒక్కదాని మీదే పడిందా? రాతలు వచ్చిన మాట నిజమే. బాగున్నాను. తిన్నాను. నువ్వు తిన్నావా. అక్క ఎప్పుడైనా తిన్నావా అని అడిగిందా? ఏం తిన్నావు, ఎంత ఉప్పేశావు, మాడ్చావా అని అడుగుతుంది అక్క.

రమేష్ బాబుతో చెబితే అతను అన్నం కలుపుతూ, "నీకు అనుమానం రావడానికి వాన కూడా అక్కర్లేదు, వాన లేకపోయినా వస్తుంది" అన్నాడు. "పోయినేడు పిల్లకి చెవులు వినపడట్లేదని కాకినాడ మూడుసార్లు తిప్పావు. డాక్టరుగారు ఏమన్నాడు? పిల్లకేం లేదమ్మా, నువ్వు నిద్రపోతున్నావా అని అడిగాడా లేదా?" అడిగాడు. నిజమే. ఇప్పటికీ చిన్నమ్మాయికి ఒళ్ళు కాలినప్పుడల్లా తగ్గిన మర్నాడు తబిత పిల్ల వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతుంది. పిల్ల ఉలిక్కిపడి ఏడిస్తే ఈమెకు ప్రాణం లేచి వస్తుంది. వీధిలో వాళ్ళు ఆ చప్పుడు వినగానే, పిల్లకి జ్వరం తగ్గినట్టుంది అనుకుంటారు. అలాంటి మనిషి ఒక తలుపు గురించి చెబితే ఎవరు నమ్ముతారు? తనే నమ్మదు సగం రోజులు.

గురువారం వాళ్ళిద్దరూ తుని వెళ్ళారు, రమేష్ బాబుకి అటు పనుందంటే తనూ పిల్లని ఎత్తుకుని బస్సెక్కింది. నీలం గేటు, కింద వాళ్ళు, పైన ఒక్క గది. అక్క భర్త జయపాల్ లారీ తోలుతాడు, చెన్నై రోడ్డో కలకత్తా రోడ్డో, మూడు వారాలకోసారి ఇంటికి వస్తాడు, ఆ రోజు లేడు. దేవకుమారి మంచం వాల్చి, టీ ఇచ్చి, "రాత్రంతా వాంతులమ్మా, ఇప్పుడే కునుకు పట్టింది" అంది. గంటసేపు కూర్చున్నారు. ఆవిడ మోకాలి నొప్పి గురించి చెప్పింది, రాజరత్నం అయ్యగారి ప్రార్థన ఎంత బలమైనదో చెప్పింది, రోడ్డు మీద లారీల గురించి చెప్పింది. "మొన్న ఒక్కతే కూరగాయలకని బయల్దేరింది. వెనక నుంచి లారీ హారన్ కొడతానే ఉన్నాడు, దీనికేం తెలుస్తుంది, నడిరోడ్డు మీద నడుస్తానే ఉంది. కడుపులో మా వంశం ఉందమ్మా. ఏదన్నా అయితే నా కొడుక్కి నేనేం చెప్పాలి?" కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు దొంగవి కావు. అదే తబితను ఎక్కువ భయపెట్టింది. మెట్ల కింద అక్క చెప్పులున్నాయి. ఎవరూ చూడకుండా బొటనవేలితో ఒకదాని మీద రాస్తే దుమ్ములో గీత పడింది. మూడో మెట్టు దాకా ఎక్కింది. "లేపకమ్మా" అంది వెనక నుంచి దేవకుమారి, గట్టిగా కూడా కాదు. రమేష్ బాబు చూపు తగిలింది. అక్కను ఇచ్చిన ఇల్లు, వద్దన్నాక మేడ ఎక్కితే ఏమనుకుంటారు, రేపు అక్కనే దెప్పుతారు. దిగి వచ్చేసింది. బస్సులో తుని దాటాక గుర్తొచ్చింది, చిన్నప్పుడు అక్కను పిలవాలంటే నేల మీద కాలు గట్టిగా కొట్టేవాళ్ళు, అరికాళ్ళకు తెలిసి తల తిప్పేది. మెట్టు మీద ఒక్కసారి కాలు కొట్టి ఉంటే. మూడో మెట్టు దాకా ఎక్కిన మనిషికి మర్యాద అంతలా అడ్డం వచ్చిందా.

వీడియో పక్కన పేర్లు కదులుతున్నాయి. నూట పన్నెండు మంది చూస్తున్నారు. ఆశాజ్యోతి అన్న పేరు వచ్చింది, గంట తాడు పట్టుకున్న చిన్న ఫొటోతో. అందరికీ వందనాలు. పోయిన వారం అదే, అంతకు ముందు వారం అదే. తబిత ప్రసంగం మధ్యలో ఒక వరుస దూర్చింది: కాకి మూడుసార్లు అరిచింది, అమ్మ ఎవర్ని కాకి అనేది చెప్పు. పచ్చ చుక్క వెలిగింది. నూట ఎనభై ఆరు. ఫోనులో చూసుకుంది, వచ్చింది, అడుగున తెల్లగా నిలబడింది, పోయింది. అరనిమిషం. నిమిషం. జవాబు లేదు. అలిగిందేమో. గురువారం వచ్చి తనను చూడకుండా వెళ్ళిపోయిందని తెలిసి అలిగి ఉంటుంది. లేకపోతే సీసీ బొత్తాం పొరపాటున తీసేసి ఉంటుంది. లేకపోతే ఆవిడ చెప్పినట్టు నీరసమే. ఒక్కో కారణం ఒక్కో తలుపులా మంచిగానే తెరుచుకుంటోంది, లోపలికి వెళ్ళి చూస్తే గది ఖాళీ. ఆమెన్, అని వచ్చింది ఆశాజ్యోతి పేరు పక్కన. అయ్యగారు ఆమెన్ అనమన్నారు, అది తనూ టైపు చేసింది, కాబట్టి అక్క చదివి రాసి ఉండవచ్చు. కానీ మూడేళ్ళలో అక్క ఎన్నడూ ఆమెన్ రాయలేదు. ఆమెన్ మనసులో అనుకుంటానే, చేతులు ప్రశ్నలకి కావాలి అనేది.

అప్పుడు చిన్నమ్మాయి లేచింది. లేవగానే బల్ల మీద మంచినీళ్ళ చెంబు లాగింది. నీళ్ళు కీబోర్డు వైపు పరుగెత్తాయి. తబిత ఒక చేత్తో లాప్‌టాప్ ఎత్తి, ఒక చేత్తో పిల్లను పట్టుకుని, పైట కొంగుతో బల్ల తుడిచేసరికి లోపల అయ్యగారు ప్రసంగం ముగించి, అలవాటు ప్రకారం ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని, ఇళ్ళలోంచి చూస్తున్నవాళ్ళ పేర్లు చదువుతున్నారు. ఏ ఊరివాళ్ళకి ఆ ఊరి పేరు చెప్పి వందనాలు చెప్పడం ఆయనకు ఇష్టం. అవేవీ ఆమె టైపు చెయ్యలేదు, చేతులు ఖాళీ లేవు. "తుని నుంచి ఆశాజ్యోతి, మన ఆడపడుచు. వందనాలమ్మా. మీ అత్తగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె పంపాను, రాస్తున్నారా?" అన్నారు. కానుకలు పట్టే సమర్పణ పాట అందుకున్నారు. తబిత కీబోర్డు మీద ఊదుతోంది. ఇంకా పనిచేస్తోందా, అయ్యో, రమేష్ బాబు చంపేస్తాడు. ఫోను వైపు చూసింది.

ఆశాజ్యోతి: తగ్గింది అయ్యగారూ, నూనె రాస్తున్నాను, మీ ప్రార్థన వల్ల.

వెంటనే అర్థం కాలేదు. మంచి మాటే కదా అనుకుంది, అత్తగారి మోకాలికి అక్క నూనె రాస్తోందన్నమాట. తరవాత పేజీ మూలన అంకె చూసింది. రెండు వందల పధ్నాలుగు. చెంబు పడకముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే. అయ్యగారి ప్రశ్న అక్షరాలుగా వెళ్ళనే లేదు. కెమెరా గుమ్మం దగ్గరుంది, అయ్యగారి ముఖం తెర మీద గోరంత, దానికి మైకు అడ్డం. పెదాలు చదివే అవకాశమే లేదు. అడిగింది విన్నవాళ్ళే ఆ జవాబు రాయగలరు. చెవులున్నవాళ్ళు. ఆవిడే. ఎన్నాళ్ళ నుంచి ఆవిడ? బాగున్నాను, తిన్నాను, నువ్వు తిన్నావా, అన్నీ ఆవిడేనా? ఎంత జాగ్రత్తగా ఉన్నా, అయ్యగారు పేరు పెట్టి మోకాలి గురించి అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేకపోయింది. దైవజనుడు అడిగితే ఊరుకోవడం పాపం ఆవిడకి. అబద్ధంలో కూడా ఆ భక్తి నిజమైనది.

ఆగు, ఆగు. పక్కపక్కనే కూర్చుని చూస్తున్నారేమో. ఆవిడ విని, అక్క ఫోను తీసుకుని రాసిందేమో, అక్క పక్కన నవ్వుతూ ఉందేమో. డాక్టరుగారు ఏమన్నాడు, నువ్వు నిద్రపోతున్నావా అన్నాడు. తబిత తడి కీబోర్డు మీద టైపు చేసింది: అక్కా, నువ్వు ఈ అక్షరాలు చదువుతుంటే ఏ పువ్వైనా ఒకటి పంపు. పచ్చ చుక్క. రెండు వందల పదిహేను. ఇరవై లెక్కపెట్టింది. మళ్ళీ ఇరవై. మందారం వచ్చింది. పేరు చూసింది. లోవలక్ష్మి. దాని వెనకే ఇంకెవరిదో గులాబీ, మరొకరిది మల్లె, వినపడని ఆ ఐదారుగురూ వరసగా, ఎవర్ని అడిగిందో తెలియక, అడిగింది కదా అని తలా ఒక పువ్వు. వాటి మధ్యలో, ఏ పువ్వూ చూడనట్టు, ఆశాజ్యోతి పేరుతో: పాట చాలా బాగుంది, ఆమెన్.

తలుపు తోసుకుని రమేష్ బాబు వచ్చాడు. "ఏంటి ఆగిపోయావు? పాటకి అక్షరాలేవి?" నీళ్ళు చూశాడు, లాప్‌టాప్ చూశాడు, ఆమె మొహం చూశాడు. ఆమె చెప్పింది. మూడు వాక్యాల్లో చెప్పింది, అంత చిన్నగా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. అతను అంకె వైపు చూశాడు, ఫోనులో జవాబు వైపు చూశాడు. తరవాత, "ఆరాధన అవనీ. మధ్యాన్నం బస్సుకి వెళదాం" అన్నాడు. "ఫోన్ చెయ్యకుండా బయల్దేరి వెళితే బాగోదు. చేసే వెళదాం." అతనూ మర్యాదస్తుడే. ఫోన్ చేసి వెళతారు. వెళ్ళేసరికి గడియ తీసి ఉంటుంది, చెప్పులు తుడిచి ఉంటాయి, టీ ఉంటుంది. "పాట పెట్టు ముందు" అని పిల్ల బుగ్గ తట్టి కెమెరా దగ్గరికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. ఆగాడు కదా, అనుకుంది తబిత. మామూలుగా ఆగడు.

లోవలక్ష్మి తునిలోనే ఉంది. ఆమె నంబరు అక్క ఫోనులో ఉంది, అక్క ఫోను ఆవిడ చేతిలో ఉంది. వీడియో పక్కన రాస్తే ఆవిడ చదువుతుంది. కానీ ఆవిడ వింటూ చూస్తోంది. వినేవాళ్ళకు బొత్తాం నొక్కే అవసరం ఏముంది? కాకి సంగతి తెలియలేదు, పువ్వు సంగతి తెలియలేదు. తెర అడుగున ఏం నడుస్తోందో ఆవిడకు తెలియదు. ఎన్నడూ తెలియదు. తబితకు నవ్వొచ్చినట్టయి, మళ్ళీ రాలేదు. ఒకవేళ తప్పైతే? గుడి వీడియోలో ఒక ఇంటి పరువు తీసినట్టు. అయ్యగారు ఇక ఈ బల్ల దగ్గర కూర్చోనివ్వరు. జయపాల్ అక్కను ఇక పంపడు. ఇంకా చెప్పాలంటే, ఆవిడ వేసిన గడియ తనకు తెలియనిదా? పొద్దున్నే కుళాయి దగ్గరికి పోతూ తను చిన్నమ్మాయిని లోపల ఉంచి బయట గడియ పెట్టి పోదూ? రోడ్డు మీద ఆటోలొస్తాయని, పిల్ల పరుగెడుతుందని. పిల్ల లోపల నుంచి తలుపు కొడుతుంది, ఆ చప్పుడు వినపడినంతసేపూ తను బిందె నింపుకుంటుంది, బాగానే ఉంది కదా అని. అక్క కూడా కొడుతూ ఉంటుంది. మొదట కొట్టి ఉంటుంది. కొడితే వినపడుతుందో లేదో తనకు తెలియదు కాబట్టి, ఎవరైనా వచ్చి భుజం తట్టేదాకా కొడుతూనే ఉంటుంది.

లోపల సమర్పణ పాట రెండో చరణం. ఎక్కించి పెట్టిన వరుసలు నీలంగా వెలుగుతూ తన వేలి కోసం ఎదురు చూస్తున్నాయి. తబిత వాటిని పక్కకు జరిపింది. పిల్లను ఎడమ భుజానికి ఎత్తుకుంది, వేడి లేదు. ఒక్కో వరుసా పంపి, పచ్చ చుక్క వెలిగాక ఇంకోటి పంపింది, తొందర పడకుండా, శుభలేఖ మీద పేర్లు కొట్టినంత జాగ్రత్తగా.

ఇది పాట కాదు. ఈ అక్షరాలు చదువుతున్నవాళ్ళకి మాత్రమే.

వీడియో పక్కన ఇప్పుడే ఏమీ రాయకండి.

తునిలో ఉన్నవాళ్ళు, తునికి దగ్గర్లో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే.

రైల్వే గేటు అవతల, పాత బియ్యం మిల్లు వెనక సందు. నీలం గేటు ఇల్లు. పైన ఒక్క గది.

అందులో మా అక్క ఆశాజ్యోతి ఉంది. ఐదో నెల. మూడు వారాలుగా నాకు కనపడలేదు.

కింద పెద్దావిడ నిద్రపోతోందనో స్నానం చేస్తోందనో చెబుతారు. మంచిగానే చెబుతారు. టీ ఇస్తారు.

తాగండి. స్నానం అయ్యేదాకా కూర్చోండి.

కూర్చోనివ్వకపోతే ఎదురింటి డాబా ఎక్కండి. మా అక్క కిటికీ అటే ఉంటుంది.

పిలవకండి, ఆమెకు వినపడదు. చెయ్యి ఊపండి. కనిపించేదాకా ఊపుతూనే ఉండండి.

ఆమె తిరిగి ఊపితే, ఇక్కడికి వచ్చి ఒక పువ్వు పెట్టండి.

ఊపకపోతే కూడా వచ్చి నాకు చెప్పండి. దయచేసి ఒక్కసారి వెళ్ళి చూడండి.